ఏటి ఒడ్డు ఊరికి వరద రాకముందే: వాలంటీర్లు ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

వరద కబురు అందగానే పదిమంది పారలు పట్టుకుని ఇసుక కుప్ప దగ్గరికి పరుగెత్తుతారు. రెండు గంటలకల్లా మూడొందల బస్తాలు నిండుతాయి. వాటిని ఎక్కడ పేర్చాలో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈలోగా నీళ్లు ఎవరూ చూడని వీధిలో, మురుగు తూములోంచి వెనక్కి తన్నుకుని ఇళ్లలోకి చేరిపోతాయి. ఇసుకకూ చేతులకూ కొదవ ఉండదు, లెక్కకే కొదవ.

చిన్న ఊరికి రెండు లెక్కలు చాలు. నది ఏ మట్టానికి వస్తే ఏ గడప తడుస్తుంది? ఆలోపు మన చేతిలో ఎన్ని గంటలుంటాయి? మిగతా పనులన్నీ వీటి వెనకే నడుస్తాయి కాబట్టి ఇక్కడి వరస కూడా అక్కడినుంచే మొదలవుతుంది. మొదటి నాలుగు పనులు ఎండ కాసే రోజుల్లోనే పూర్తి చేసుకోండి. కరకట్ట, గేట్లు, ఊరు ఖాళీ చేయించే ఆదేశం అధికారుల చేతిలో ఉంటాయి. మీ పథకం కాగితం ఒక ప్రతి ముందే వాళ్లకిచ్చి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోండి. ఒకే గేటును రెండు బృందాలు తిప్పితే వరద రాత్రి అనర్థమే.

1. నది స్కేలును వీధుల్లోకి తీసుకురండి

నది ఒడ్డున ఉన్న స్కేలు మీద 7.20 మీటర్లు అని కనిపిస్తే నది లోతు అంత అని కాదు. స్కేలు సున్నా ఎక్కడో ఒకచోట నిర్ణయించి పెట్టిన గుర్తు, అంతే. అందుకే ‘మట్టం 7.20కి చేరింది’ అని మైకులో చెబితే జనం విని ఊరుకుంటారు. ‘బడి రెండో మెట్టు దాకా వస్తుంది’ అంటే సామాన్లు సర్దడం మొదలుపెడతారు. ఈ రెండు మాటలనూ కలపడమే మీ మొదటి పని.

ఖరీదైన సర్వే పరికరం అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు పునాది సరిచూసుకునే లెవెల్ పైపు చాలు. 10 మి.మీ. లావు పారదర్శక ట్యూబు 20 మీటర్లు, ఒక బకెట్, టేపు, సుద్దముక్క, నోటుబుక్కు, ముగ్గురు మనుషులు ఉంటే పని మొదలవుతుంది.

బకెట్ నిండా మంచినీళ్లు తీసుకుని, చిటికెడు రంగు కలిపి, ఎత్తులో పెట్టండి. ట్యూబు ఒక కొన అందులో ముంచి, రెండో కొనను కింద పట్టుకుని నోటితో ఒక్కసారి పీలిస్తే నీళ్లు వాటంతట అవే దిగుతాయి. ట్యూబంతా నిండాక రెండు కొనల దగ్గరా ఒక జానెడు ఖాళీ వదలండి. తర్వాత ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలుతురుకు అడ్డం పెట్టి బుడగలు వెతకండి. గోరంత బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. బుడగ కనిపిస్తే ట్యూబును వేలితో తడుతూ దాన్ని కొన దాకా నడిపించి బయటికి పంపండి.

ఒకరు ట్యూబు కొనను మొదటి గుర్తు దగ్గర గోడకు ఆనించి పట్టుకోవాలి. రెండోవారు 15 మీటర్ల అవతల గోడ దగ్గర నిలబడాలి. నడిచేటప్పుడు నీళ్లు ఒలక్కుండా బొటనవేళ్లతో రెండు కొనలూ మూస్తారు కదా, చూసేముందు ఇద్దరూ వేళ్లు తీశారో లేదో పైకి చెప్పుకోండి. ఒక కొన మూసి ఉంటే నీళ్లు సమంగా నిలవవు, చూడ్డానికి మాత్రం నిలిచినట్టే ఉంటాయి. అందరూ చేసే తప్పు ఇదే. నీళ్లు ఊగడం ఆగాక, మొదటివారి నీటి అంచు గుర్తుకు సరిగ్గా తగిలేలా ట్యూబును పైకీ కిందికీ జరిపి ‘సరే’ అంటారు. అప్పుడు రెండోవారి నీటి అంచు ఎక్కడుంటే అక్కడ సుద్దగీత గీయాలి. అక్కడినుంచి ఇంకో 15 మీటర్లు. మూడోవారు ట్యూబు మెలిపడకుండా చూస్తూ నోటుబుక్కు నింపాలి.

వీధి చివరికి చేరాక అక్కడితో వదిలేయకండి. అదే పద్ధతిలో వెనక్కి మొదటి గుర్తు దాకా రండి. బయలుదేరిన గీతకూ తిరిగొచ్చిన గీతకూ మధ్య తేడా 2 సెం.మీ. లోపు ఉంటే ఈ పనికి సరిపోతుంది. అంతకు మించితే ఎక్కడో బుడగో, మూసిన వేలో ఉన్నట్టు. మళ్లీ కొలవండి.

ఇంతకీ మొదటి గుర్తు ఎక్కడిది? పాత వరద మరక మిగిలిన గోడ, ఆ రోజు స్కేలు ఎంత చూపించిందో అధికారిక రికార్డు, ఈ రెండూ దొరికితే చాలు. కానీ ఒక చిక్కుంది. లెవెల్ పైపు చూపేది చదునైన మట్టం, ప్రవహించే నది చదునుగా ఉండదు. కిలోమీటరుకు 30 సెం.మీ. వాలు ఉంటే, స్కేలు దగ్గర ఉన్న మట్టం కంటే కిలోమీటరు దిగువన నీళ్లు 30 సెం.మీ. తక్కువలో ఉంటాయి, ఎగువన అంత ఎక్కువలో ఉంటాయి. పెద్ద ప్రవాహంలో వంతెన ఎగువన ఇంకాస్త ఎగదన్ను కూడా ఉంటుంది. దీనికి విరుగుడు సులువు. నది ఓ మోస్తరుగా పెరిగిన రోజున, నలుగురు నాలుగుచోట్ల ఒకే గంటకు, ఒడ్డున సురక్షితంగా నిలబడగలిగిన చోట నీటి అంచులో మేకు కొట్టాలి. అదే సమయానికి స్కేలు రీడింగు రాసుకోవాలి. వరద తగ్గాక ఆ మేకులను లెవెల్ పైపుతో వీధులకు కలపండి. ఒకే గుర్తును ఊరంతా మోసుకుపోవడం కన్నా ఇది ఎంతో నమ్మదగింది.

చివరికి ప్రతి వీధి మూలలో, యజమాని అనుమతితో, గోడ మీద పెయింటుతో ఒక గీత గీసి ‘స్కేలు 7.20’ అని పక్కన రాయండి. లోతు రాయొద్దు, తేదీ రాయొద్దు. ఆ అంకె ఒక్కటే ఉండాలి.

2. గంటలు వెనక్కి లెక్కపెట్టండి

ఒక వీధి 7.20 దగ్గర మునుగుతుందనుకోండి. ఇప్పుడు స్కేలు 6.36. నది గంటకు 12 సెం.మీ. పెరుగుతోంది. మిగిలింది 84 సెం.మీ., అంటే 7 గంటలు. కబురు చేర్చడానికి 1 గంట, మనుషుల్ని తరలించడానికి 3, తలుపులకు అడ్డుకట్టలకు 2, మొత్తం 6 గంటలు. ఒక గంట మిగులుతుంది కదా అని నిశ్చింతగా కూర్చోకండి. చీకట్లో, వానలో, కరెంటు లేనప్పుడు ప్రతి పనికీ ఒకటిన్నర రెట్లు సమయం పడుతుంది. ఆ లెక్కన కావాల్సినవి 9 గంటలు. తొమ్మిది గంటల్లో నది పెరిగేది 108 సెం.మీ. కాబట్టి ఆ వీధి పని 6.12 దగ్గరే మొదలవ్వాలి. ఇప్పటికే ఆలస్యమైంది.

అందుకే ఊళ్లో పెట్టే బోర్డు మీద వీధి పేరు పక్కన రెండు అంకెలు ఉండాలి: మునిగే మట్టం, పని మొదలుపెట్టే మట్టం. రెండో అంకె వేసేటప్పుడు మీ నది రికార్డుల్లో ఉన్న అత్యంత వేగమైన పెరుగుదలనే తీసుకోండి. గంటకు 20 సెం.మీ. పెరిగిన చరిత్ర ఉంటే, ఇదే వీధికి పని మొదలుపెట్టే మట్టం 5.40కి దిగుతుంది. సగటు తీసుకుంటే ఏదో ఒక ఏడాది దెబ్బతింటారు.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది దారి. ఇల్లు మెరక మీదే ఉండొచ్చు, ఆ ఇంటినుంచి బయటపడే దారిలో ఒక కల్వర్టు పల్లంలో ఉంటుంది. అది మునిగిన క్షణం నుంచి ఇల్లు దీవి అవుతుంది. కాబట్టి గడప ఎత్తు కొలిచినంత శ్రద్ధగా దారిలో అతి పల్లమైన చోటును కొలవండి. ఈ రెండింటిలో ఏది ముందు మునిగితే అదే ఆ ఇంటి గడువు. వాహనాల విషయంలో ఈ గడువును ఇంకా ముందే పెట్టుకోవాలి. వేగంగా పారే నీరు 15 సెం.మీ. ఉన్నా పెద్దవాళ్లను పడదోయగలదు. 30 సెం.మీ. చిన్న కారును తేల్చేస్తుంది. 60 సెం.మీ. నీరు చాలా వాహనాల్ని కొట్టుకుపోయేలా చేస్తుంది. ‘ఇంకా మోకాటి లోతే కదా’ అనే మాట అందుకే ప్రమాదం. నీటి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది: వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు.

3. ఇంటింటి జాబితా

పది, పన్నెండు ఇళ్లకు ఒక వాలంటీరు, అతను ఊళ్లో లేకపోతే ఇంకొకరు. ఇద్దరి పేర్లూ ఆ ఇళ్లవాళ్లకు తెలియాలి. రాసుకోవాల్సినవి కొద్దే: ఎంతమంది ఉంటారు, రాత్రిపూట ఎంతమంది, నడవలేనివాళ్లు, గర్భిణులు, పసిబిడ్డలు, ఆక్సిజన్ యంత్రం లాంటివి కరెంటు మీద నడిచేవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, వినికిడి లేనివాళ్లు, పశువులు, ఇంట్లో పై అంతస్తు ఉందా లేదా.

మంచం మీద ఉన్న ఒక మనిషిని మెట్లు దింపి వాహనంలోకి ఎక్కించడానికి నలుగురు మనుషులు, అరగంట సమయం లెక్కేసుకోండి. ఇలాంటివాళ్లు ఆరుగురుంటే, బృందం ఒకటే అయితే, దారి ప్రయాణం కలపకుండానే మూడు గంటలు. వీళ్లను ఊరందరితో కలిపి ఆఖరికి కదిలించకండి. పని మొదలుపెట్టే మట్టం రాకముందే, పగటి వెలుతురులోనే పంపేయాలి. డయాలసిస్ వాళ్ల గడువు నది మీద ఆధారపడదు, వాళ్ల తర్వాతి విడత ఎప్పుడన్నదే ముఖ్యం.

జాబితాను కాగితం మీద ఉంచండి, ప్లాస్టిక్ కవరులో, రెండుచోట్ల. ఫోన్లు ఆగిపోతాయి, టవర్ల బ్యాటరీలు అయిపోతాయి. ఇందులో జబ్బుల వివరాలున్నాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు.

4. తూములు, మురుగు కాలువలు

వరద నది గట్టు దాటి వస్తుందని అందరూ అటే చూస్తుంటారు. నది పెరిగితే మురుగు గొట్టాల్లో నీళ్లు వెనక్కి తిరుగుతాయి. మరుగుదొడ్డి, స్నానాల గది జాలీ, వీధి మ్యాన్‌హోల్ ముందుగా పొంగుతాయి.

నదిలోకి తెరుచుకునే ప్రతి గొట్టానికీ ఒక రెక్క తలుపు ఉండాలి. ఊరి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, నది తోస్తే మూసుకుంటుంది. సీజనుకు ముందు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూడండి. మడత దగ్గర తుప్పు పట్టి సగంలో ఆగిపోవడం, అంచున ప్లాస్టిక్ సీసానో కట్టెముక్కో ఇరుక్కుని వేలెడు సందు మిగలడం, ఈ రెండే ఎక్కువగా కనిపించే జబ్బులు. వేలెడు సందు చాలు, కొన్ని గంటల్లోనే వీధి నిండుతుంది. మడతకు గ్రీజు రాయండి, కూర్చునే అంచును గీకి శుభ్రం చేయండి, మూసినప్పుడు వెలుతురు కనిపించకూడదు. కల్వర్టు ముందు చెత్త జాలీని నీళ్లు వచ్చాక దగ్గరికెళ్లి తీయడం ప్రాణాంతకం, ముందే తీయాలి.

రెక్క తలుపు బాగా పనిచేస్తే ఇంకో సమస్య ముందుకొస్తుంది. అది మూసుకున్నంతసేపూ ఊళ్లో కురిసిన వాన బయటికి పోదు. ఒక హెక్టారు మీద 1 సెం.మీ. వాన పడితే అది లక్ష లీటర్లు. దాన్ని తోడే పంపు ఎక్కడ పెట్టాలో, నీళ్లు ఎటు వదలాలో ముందే నిర్ణయించుకోండి. పంపు రేకు మీద రాసిన సామర్థ్యం ఎత్తు లేనప్పటి లెక్క. గట్టు మీదుగా ఎత్తి పోయాల్సి వస్తే చాలా తగ్గుతుంది, సగమే వస్తుందనుకుని ప్లాను వేసుకోండి. పీల్చే పైపు లోపలికి నలగని గట్టి రకం కావాలి. దాని కొనకు జల్లెడ తగిలించి, దాన్ని చిల్లులు పొడిచిన బకెట్లో కూర్చోబెడితే చెత్త అడ్డుపడదు. పంపు తిరుగుతున్నా నీళ్లు రావడం లేదంటే ఇంజన్ను అనుమానించకముందు పీల్చే పైపు అతుకులు చూడండి. ఎక్కువసార్లు అక్కడే గాలి దూరుతుంటుంది.

ఇళ్లలో అయితే, నేలమట్టం మరుగుదొడ్డి గిన్నెలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన తడిగుడ్డల ముద్ద కుక్కి, దానిమీద ఒక ఇసుక బస్తా పెట్టాలి. జాలీల మీద కూడా అంతే. శాశ్వతంగా చేయించుకోగలిగినవాళ్లు, నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్‌రిటర్న్ వాల్వ్ పెట్టించుకోవడం మేలు, దాన్నీ ఏటా తెరిచి కడగాలి.

5. ఇసుక బస్తాలు

అందరికీ తెలుసనుకునే పని, అందరూ తప్పు చేసే పని కూడా.

ముందు లెక్క. బస్తాల కట్ట కింది భాగం వెడల్పు, ఎత్తుకు మూడు రెట్లు ఉండాలి. అడ్డకోతలో చూస్తే గోడలా కనిపించకూడదు, పిరమిడ్‌లా ఉండాలి. ఆ లెక్కన ఒక అడుగు పొడవుకు, అడుగు ఎత్తు లేపాలంటే 6 బస్తాలు, రెండడుగులకు 21, మూడడుగులకు 45. ఎత్తు మూడింతలైతే బస్తాలు ఏడున్నర రెట్లయ్యాయి. వంద అడుగుల పొడవున రెండడుగుల కట్ట అంటే 2,100 బస్తాలు. ఒక్కోటి 17 కిలోల చొప్పున సుమారు 35 టన్నుల ఇసుక, అంటే దాదాపు 22 ఘనపు మీటర్లు. ఈ అంకె చూశాక చాలా ఊళ్లు వీధి మొత్తానికి కట్ట వేసే ఆలోచన మానుకుని తలుపులు, తూములు, పంపు గది చూసుకుంటాయి. సరైన నిర్ణయం అదే.

వేగం సంగతి ఊహించకండి. మీవాళ్లు ముగ్గురిని పెట్టి, పది నిమిషాలు గడియారం చూసి నింపించండి. దాన్ని ఆరుతో గుణిస్తే మొదటి గంట లెక్క వస్తుంది. మూడో గంటకు నడుములు పడిపోతాయి, కాబట్టి దాంట్లో మూడో వంతు తీసేయండి. ఒకరు మూతి తెరిచి పట్టుకోవాలి, ఒకరు పారతో పోయాలి, ఒకరు మోయాలి. ఇరవై నిమిషాలకోసారి పనులు మార్చుకోవాలి. సంచి పట్టుకునే మనిషి మోచేతులు మోకాళ్లకు ఆనించి, మొహం పక్కకు తిప్పి కూర్చోవాలి, పార అంచు తగిలేది ముందు అక్కడే. చేతులకు తొడుగులు తప్పనిసరి.

సుమారు 35 × 65 సెం.మీ. సంచిని సగానికి పైన, మూడింట రెండొంతులకు మించకుండా నింపండి. నిండుగా కుక్కిన బస్తా గుండ్రటి బండలా ఉంటుంది. రెండు బండల మధ్య సందు ఎలాగూ మిగులుతుంది, నీళ్లకు అదే దారి. వదులుగా ఉన్న బస్తా పక్కదాని ఒంపులోకి ఒదుగుతుంది. గులకరాళ్లు నింపొద్దు, నీళ్లు వాటి మధ్యలోంచే పారతాయి. ఇసుక నింపడానికి సులువు, కాస్త బంకమట్టి కలిసిన ఇసుకయితే ఇంకా మంచిది.

పేర్చే చోట గడ్డి, ఆకులు, చెత్త గీకేయండి. గడ్డి మీద పేరిస్తే కట్ట కింద జారుడుపొర మిగులుతుంది. నేల మట్టిదైతే, కట్ట మధ్యరేఖ వెంట ఒక బస్తా లోతు, రెండు బస్తాల వెడల్పు కాలువ తవ్వి మొదటి వరసను అందులో దించండి. కట్ట జరగకుండా పట్టి ఉంచేది ఆ వరసే. బస్తా పొడవు ప్రవాహం వెంట ఉండాలి. బస్తా మూతిని తాడుతో కట్టకుండా కిందికి మడిచి, మడత ఎగువకు ఉంచి, దిగువ నుంచి ఎగువకు పేర్చుకుంటూ రండి. తర్వాతి బస్తా ముందుదాని మడత మీద కూర్చుంటుంది. ప్రతి బస్తానూ కాలితో తొక్కి చదును చేయాలి. పై వరస అతుకులు కింది వరస అతుకుల మీద పడకూడదు, ఇటుక గోడ పద్ధతే. తొక్కడం మానేసి ‘ముందు ఎత్తు లేపుదాం, తర్వాత చూద్దాం’ అంటే ఆ తర్వాత రాదు.

నీళ్ల వైపు 150 మైక్రాన్ల పాలిథిన్ షీటు కప్పండి. బిగించి లాగొద్దు. బిగువుగా ఉన్న షీటు, నీటి బరువుకు బస్తాల సందుల్లో చిరుగుతుంది. వదులుగా ఉంటే ఒదిగి కూర్చుంటుంది. కింది అంచు కట్ట దాటి ఒక అడుగు నేల మీదకు రావాలి, దానిమీద ఒక వరస బస్తాలు. రెండు షీట్లు కలిసేచోట ఎగువది పైన, దిగువది కింద, మూడడుగులు ఒకదాని మీద ఒకటి. షీటు మీద బూట్లతో నడవనివ్వకండి.

తలుపుల దగ్గర బస్తాల కంటే పలక మేలు. 18 మి.మీ. ప్లైవుడ్ పలకకు అంచు చుట్టూ రబ్బరు ఫోము అంటించి, తలుపు చట్రానికి బయటివైపు బిగించండి. నీటి ఒత్తిడే దాన్ని ఇంకా గట్టిగా అదుముతుంది. లోపలివైపు పెడితే అదే ఒత్తిడి దాన్ని ఊడదీస్తుంది.

అయితే ఇంటిని ఎంత ఎత్తుదాకా మూయాలి? మామూలు గోడలున్న ఇంటికి 60 సెం.మీ. దాకానే. ఒక మీటరు పొడవు గోడ మీద 60 సెం.మీ. నిలవనీరు 180 కిలోల బరువుతో తోస్తుంది, 1 మీటరు నీరైతే 500 కిలోలతో. అంతకు మించి అడ్డుకుంటే తడిసే సామాన్ల బదులు కూలే గోడ మిగులుతుంది. నీళ్లు ఆ ఎత్తు దాటేలా ఉంటే లోపలికి రానివ్వండి. రెండు పక్కలా మట్టం సమమైతే గోడ నిలుస్తుంది. నేలమాళిగలో నీళ్లు నిండినా అంతే. వరద తగ్గగానే ఒక్కసారిగా తోడేస్తే, బయట మట్టిలో ఉన్న నీటి ఒత్తిడి గోడల్ని లోపలికి నెట్టేస్తుంది. రోజుకు మూడో వంతు చొప్పున తోడాలి.

ఖాళీ సంచుల్ని ఎండ తగలని చోట దాచండి. ప్లాస్టిక్ సంచి ఎండకు కొన్ని నెలల్లోనే పొడిపొడిగా చిరుగుతుంది, గోనె తేమకు కుళ్లుతుంది. వరదనీళ్లు తగిలిన ఇసుకలో మురుగు ఉంటుంది. పిల్లల ఆటలకు, తోటలకు వాడనివ్వొద్దు.

6. ఇంటివాళ్లకు చెప్పాల్సినవి

ప్రతి ఇంటికీ ఒకే కాగితం ఇవ్వండి, పెద్ద అక్షరాల్లో. పత్రాలు, మందులు, కళ్లజోడు, ఛార్జరు ఒక సంచిలో. గ్యాసు వాల్వ్ బంద్. మెయిన్ స్విచ్ నీళ్లు లోపలికి రాకముందే ఆపాలి. కాళ్ల కింద తడి ఉంటే దాని జోలికే పోవద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి మరిచిపోతుంటారు, మెయిన్ ఆపినా అది ఇంటికి కరెంటు పంపుతూనే ఉంటుంది. పురుగుమందులు, కిరోసిన్, యాసిడ్ అన్నిటికంటే పై అరకు చేర్చాలి, లేదంటే ఇల్లంతా వాటి నీళ్లే.

కట్టేసిన పశువుల్ని ముందు విప్పమని విడిగా చెప్పండి.

భూమిలో పాతిన సంపు, సెప్టిక్ ట్యాంకు ఖాళీగా ఉండకూడదు. వెయ్యి లీటర్ల ఖాళీ ట్యాంకు చుట్టూ నీళ్లు చేరితే టన్ను బలంతో పైకి లేస్తుంది, పైపులు తెంచుకుని నేలను పగలగొట్టుకుని వస్తుంది. సంపును మంచినీళ్లతో నింపి మూత బిగించమనండి. పైన ఉన్న ట్యాంకు కూడా కరెంటు ఉండగానే నింపుకోవాలి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులవి విడిగా పెట్టుకోవాలి. తర్వాత నీళ్ల మీద అనుమానం ఉంటే ఒక నిమిషం తెర్లేలా మరిగించాలి. మరిగించే వీలు లేకపోతే, వాసన కలపని 5–6 శాతం బ్లీచ్ (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం లీటరుకు 2 చుక్కలు వేసి అరగంట ఆగాలి. మసకగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టి 4 చుక్కలు. పురుగుమందో ఇంధనమో కలిసిన నీటికి ఈ రెండూ పనికిరావు.

జనరేటరు వాడేవాళ్లు దాన్ని వరండాలో కూడా పెట్టకూడదు. కిటికీలకు, తలుపులకు కనీసం 6 మీటర్ల దూరం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

7. కట్ట మీద కాపలా

కరకట్ట ఉన్న ఊరైతే, నీళ్లు కట్ట కాలికి, అంటే వాలు నేలను కలిసే అంచుకు, తగిలినప్పటి నుంచి ఇద్దరిద్దరు చొప్పున రాత్రింబవళ్లు తిరగాలి. చూపు నదివైపు కాదు, ఊరివైపు కాలి మీద ఉండాలి. తడి మచ్చలు, కొత్త పగుళ్లు, జారిన మట్టి, ఎలుక బొరియలు, ఊటలు వెతకండి. గండి పడేముందు కనిపించేవి ఇవే.

ఊట కనిపిస్తే గుక్కెడు నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా ఉంటే చోటు గుర్తుపెట్టి, గంటకోసారి మళ్లీ చూడండి. బురదగా ఉంటే కట్ట కింద మట్టి కొట్టుకుపోతోందన్నమాట, బుంగ పడుతోంది. వెంటనే అధికారులకు కబురు పంపాలి. ఆ పక్కనే కట్ట జారడమో పగలడమో కనిపిస్తే బస్తాలు వదిలేసి, కిందనున్న వీధులను ఖాళీ చేయించాలి.

కట్ట నిలకడగా ఉందని, దగ్గరికి వెళ్లొచ్చని అధికారులు చెబితేనే బుంగ పని. దాన్ని బస్తాలతో మూసేయాలనిపిస్తుంది, మూయకండి. అక్కడ ఆపిన నీరు పక్కన ఇంకోచోట పుట్టుకొస్తుంది. ఊట చుట్టూ, కాస్త దూరం వదిలి, బావి వరలా గుండ్రంగా బస్తాలు పేర్చాలి. లోపల నీటి ఎత్తు పెరిగేకొద్దీ ఆ బరువు ఊటను అణుస్తుంది. బురద ఆగి తేటనీరు రావడం మొదలవగానే ఎత్తు పెంచడం ఆపి, ఒకపక్క నీరు పొర్లడానికి సందు వదలండి.

తడిసిన కట్ట మీద బండ్లు నడపొద్దు. బస్తాల కోసం మట్టి కట్ట కాలి దగ్గర తవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

8. వాలంటీర్ల కోసం

వచ్చిన ప్రతి మనిషి పేరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం ఒక పుస్తకంలో ఉండాలి. రాత్రి లెక్కలో ఒక పేరు తేలకపోతే, ఆ మనిషి ఇంట్లో నిద్రపోతున్నాడో నీళ్లలో ఉన్నాడో తెలియక ఇంకో నలుగురు వెతకడానికి దిగుతారు. ఒంటరిగా పని లేదు. నీటి అంచున పనిచేసేవాళ్లకు లైఫ్ జాకెట్. నడుముకు తాడు కట్టుకుని ప్రవాహంలోకి దిగడం వద్దు, తాడు బిగిస్తే ప్రవాహం మనిషిని నీళ్ల కిందికే తొక్కుతుంది. తెగిన కరెంటు తీగకు 10 మీటర్ల దూరం. ధనుర్వాతం టీకా వేయించుకున్నారా అని పేరు రాసేటప్పుడే అడగండి. గాయం ఉన్నవాళ్లను వరదనీటి పనికి పంపొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

ప్రతి బృందానికీ వెనక్కి వచ్చే మట్టం కూడా ముందే చెప్పి పంపాలి. ఫలానా గోడ గీతను నీళ్లు తాకగానే, సగం పేర్చిన కట్టయినా సరే వదిలేసి రావాలి. అప్పటికప్పుడు అడిగితే ఎవరైనా ‘ఇంకో పది నిమిషాలు’ అనే అంటారు.

9. ఆశ్రయం, ఆపైన ఒక రిహార్సల్

పడుకోవడానికి మనిషికి 3.5 చదరపు మీటర్లు లెక్క. 120 చదరపు మీటర్ల హాలులో 34 మందే పడతారు, జాబితాలో 80 మంది ఉంటే ఇంకో రెండు చోట్లు చూసుకోవాలి. మొదట్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. అన్ని అవసరాలకూ కలిపి మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, అంటే ఆ 34 మందికి 510 లీటర్లు.

వానాకాలానికి నెల ముందు, చీకటి పడ్డాక ఒక రిహార్సల్ పెట్టండి. ఎవరికీ ముందే సమయం చెప్పొద్దు. స్కేలు 6.12 అని ఒక్క కబురు పంపి, ఆఖరి ఇంటి తలుపు తట్టేదాకా గడియారం చూడండి. ఫోన్లు వాడకుండా రెండోసారి చేయండి. పంపు నిజంగా స్టార్ట్ చేయండి, మైకు బ్యాటరీ నిజంగా చూడండి, హాలు తలుపు నిజంగా తెరవండి. తేలే లోపాల్లో తాళంచెవి తరచుగా ఉంటుంది. హాలుది ఒకరి జేబులో ఉంటుంది, ఆయన ఊళ్లో ఉండడు. రెండో చెవి చేయించి, ఎవరి దగ్గరుందో బోర్డు మీద మట్టాల పక్కనే రాయండి.